కొండలోకి గాలి

కొండంటే రాళ్ళూ చెట్లూ ఉండే కొండ అనుకునేరు. కాదు. ఊరు ఊరంతా ఏళ్ళ తరబడి ముక్కు మూసుకుని తెచ్చి పారబోసిన చెత్త. మొదట్లో దాన్ని గుంట అనేవాళ్ళట, ఎందుకంటే మొదట్లో అది నిజంగా గుంటే. నిండింది, పొంగింది, పెరిగింది. ఇప్పుడు చుట్టుపక్కల ఏ మేడ ఎక్కినా ముందు అదే కనిపిస్తుంది. పైన మట్టి కప్పి, గడ్డి నాటి, దూరం నుంచి చూస్తే ముద్దొచ్చేలా తయారుచేశారు. దగ్గరికొస్తే మాత్రం ముక్కు ఊరుకోదు.

ఆ కొండకి ఒక డాక్టరమ్మ ఉంది. సూదిమందు డాక్టరు కాదు, ఇంజనీరింగ్ చదివిన అమ్మాయి. క్లాసులో అందరూ ఏసీ గదుల్లో కీబోర్డులు కొట్టే ఉద్యోగాల్లోకి పోతే, ఈవిడ భూమిని ఉద్ధరిద్దామని ఈ గ్యాస్ కంపెనీలో చేరింది. పొద్దున్నే నెత్తిన హెల్మెట్టు, కాళ్ళకి బూట్లు, మెడలో మీటరు. కొండ నిండా లోతుగా పాతిన గొట్టాలుంటాయి. ఒక్కో గొట్టం దగ్గరా వంగి, మీటరు ట్యూబు తగిలించి, ముఖం చిట్లించి చూస్తుంది. కింద ఎరువు షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళు అది చూసి, "కొండకి జొరం చూస్తోందే డాక్టరమ్మ" అన్నారు. అంతే, పేరు అతుక్కుపోయింది.

షెడ్డు సంగతి చెప్పాలి. కొండ పాదం దగ్గర, తూర్పు వాలు కింద, రేకులు కప్పిన పొడుగాటి షెడ్డు. దానికి మేస్త్రి డాక్టరమ్మ సొంత అక్క. ఒకప్పుడు అక్క కొండ మీద ప్లాస్టిక్ ఏరేది. ఆ చేతులే చెల్లెల్ని కాలేజీ దాకా తోశాయి. తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, చివరికి వాళ్ళే విసిగిపోయి "సరే, తీసుకో తల్లీ" అనేదాకా వదలకుండా, పాడుబడిన లారీ షెడ్డొకటి సంపాదించింది. మార్కెట్ల నుంచీ హోటళ్ళ నుంచీ వచ్చే తడిచెత్త ఇక్కడ దించుతారు. అక్కా వాళ్ళు ఏరతారు, ఎండుటాకులు కలుపుతారు, వరసలుగా కుప్పలు పోస్తారు, పారల్తో తిరగేస్తారు. కొన్నాళ్ళకి నల్లటి ఎరువు. మొక్కలమ్మేవాళ్ళు వచ్చి పట్టుకుపోతారు. అక్కడ పనిచేసేవాళ్ళంతా ఒకప్పుడు కొండ మీద ఏరుకుని బతికినవాళ్ళే. ఇప్పుడు నీడపట్టున, చేతులకి గ్లౌజులేసుకుని, టీ టైముకి టీ తాగుతూ పనిచేస్తున్నారు. అదేం గొప్ప అనుకునేవాళ్ళు ఒక పూట ఎండలో కొండెక్కి నిలబడి చూడాలి.

షెడ్డులో అందరికంటే పెద్దావిడ ఎవరికీ చుట్టం కాదు, అందరికీ పెద్దమ్మ. ఒకసారి టీ తాగుతూ డాక్టరమ్మని పట్టుకుంది.

"ఏమే, ఇంతకీ ఆ గొట్టాల్లోంచి ఏం పీలుస్తున్నారే మీరు?"

"గ్యాస్, పెద్దమ్మా. చెత్త కుళ్ళుతుంది కదా. ఇక్కడ మీరు తిరగేస్తారు, గాలి తగులుతుంది, ఎరువైపోతుంది. కొండ లోపల గాలి ఆడదు. గాలాడకుండా కుళ్ళితే మీథేన్ పుడుతుంది."

"పుడితే పుట్టనీ. పైకి పోతుందిగా."

"పోతేనే తంటా. ఎండలో అద్దాలెత్తి ఆపిన లారీలో ఎప్పుడైనా కూర్చున్నావా?"

"కూర్చోడమా, మా ఆయన డ్రైవరే కదా. నన్నందులో కూర్చోబెట్టి టీకి పోయి ఊరి కబుర్లన్నీ చెప్పుకుని వచ్చేవాడు."

"ఎలా ఉండేది?"

"ఉడికేదాన్ని."

"అదే. ఎండ లోపలికొస్తుంది, వేడి బయటికి పోదు. భూమి చుట్టూ ఈ గ్యాసులు ఆ అద్దాల పనే చేస్తాయి. బొగ్గూ పెట్రోలూ కాలిస్తే వచ్చే పొగ ఒక అద్దం. ఈ మీథేన్ దానికంటే ఎన్నో రెట్లు మందం. అందుకే పైకి పోనివ్వకుండా పీల్చి, ఇంజన్లో కాల్చి కరెంటు తీస్తాం."

"కాలిస్తే మళ్ళీ పొగేగా?"

"పొగే. కానీ పులిని పట్టి పిల్లిని చేసి వదుల్తున్నాం."

పెద్దమ్మ గ్లాసు కింద పెట్టి కాసేపు ఆలోచించింది. "అయితే మా ఆయన పొద్దున్నే లేస్తూ వదిలేదానికి కూడా ఒక గొట్టం పెట్టించరాదూ," అంది.

షెడ్డంతా పారలు పడేసి నవ్వింది. "పెట్టించు, పెట్టించు. మీ వీధంతా లైట్లు వెలుగుతాయి," అంది అక్క, తలెత్తకుండా, పని ఆపకుండా.

ఇలాగే సాగిపోతే చెప్పుకోడానికేం లేదు.

కంపెనీ మేనేజరుని వెనకాల అందరూ గ్రాఫు సారంటారు. ఆయనకి కొండెక్కడమంటే మోకాళ్ళ నొప్పి, కొండ గురించి గ్రాఫు గియ్యడమంటే ప్రాణం. ఒకరోజు డాక్టరమ్మని గదిలోకి పిలిచి, కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పాడు. గీత ఒకటి కుడిపక్కకి జారుతూ, జారుతూ, నీరసంగా పడుకుని ఉంది.

"చూడమ్మా మన గ్యాస్ పరిస్థితి."

"తూర్పు వైపు చెత్త పాతది సార్. కుళ్ళాల్సిందంతా కుళ్ళిపోయింది. తగ్గడం మామూలే."

"అది ఒక కారణం. రెండో కారణం మీ అక్క."

డాక్టరమ్మ తెర మీంచి చూపు తిప్పి ఆయన్ని చూసింది.

"నేనేం చెడ్డగా అనట్లేదు. మంచి మనిషి. కానీ కాస్త తడిగా ఉన్న చెత్తంతా ఆవిడే ఆపేసుకుంటోంది. కొండకి తిండేదీ? మనం పట్టిన గ్యాస్‌కి సర్టిఫికెట్లొస్తాయి. ఎక్కడో విమానాల కంపెనీ వాళ్ళు అవి కొనుక్కుని, మా పొగ కడిగేసుకున్నాం అని చెప్పుకుంటారు. గీత పడిపోతే సర్టిఫికెట్లు లేవు. అవి లేకపోతే ఈ ఇంజనూ లేదు, నువ్వూ లేవు, నేనూ లేను."

"సార్, తడిచెత్త కొండెక్కితేనే గ్యాస్ పుడుతుంది. షెడ్డుకి పోతే అసలు పుట్టదు. పుట్టనిదాన్ని పట్టుకోవాల్సిన పనే లేదు. మనకి కావాల్సింది అదే కదా."

"పుట్టనిదానికి సర్టిఫికెట్ ఎవడిస్తాడమ్మా?"

ఆయన ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగాడు. దాంతో ఆమెకి ఇంకా కష్టమైంది.

"పైగా పుట్టిందంతా మన గొట్టాలకి చిక్కదు సార్. సగం చిక్కితే గొప్ప. మిగతా సగం పగుళ్ళలోంచి పైకే పోతుంది."

"ఆ సగం నా గ్రాఫులో లేదు," అన్నాడాయన. తర్వాత కాస్త మెత్తబడ్డాడు. "వచ్చే వారం తనిఖీ వాళ్ళొస్తున్నారు. అప్పటికి ఈ గీత లేచి నిలబడితే షెడ్డు జోలికి నేను రాను. మాటిస్తున్నా. పడుకునే ఉంటే మాత్రం లారీలన్నీ పైకే. షెడ్డు మూసేస్తా."

"లేస్తుంది సార్," అంది డాక్టరమ్మ.

ఎలా లేపాలో ఆమెకి తెలుసు. తెలియకపోతే బాగుండేది.

ఆ సాయంత్రం షెడ్డు మూసేస్తానన్న మాట ఇంట్లో చెబుదామనే వచ్చింది. అక్కా బావా ఉండేది కొండ కిందే, పనివాళ్ళ ఇళ్ళ వరసలో. పెళ్ళికాని చెల్లెలు కాబట్టి ముందు గదిలో ఒక మంచం ఈవిడది. బావ కొండ మీద బుల్డోజర్ నడుపుతాడు. లారీలు పోసిన చెత్తని చదును చేసి పైన మట్టి కప్పడం ఆయన పని. వచ్చేసరికి గుమ్మంలో కూర్చుని కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"రా మరదలా. మీ అక్కకి కాస్త చెప్పు. రెండో షెడ్డు పెడుతుందట. నిద్దట్లో కూడా పార తిరగేస్తోంది. ఏదో ఒకరోజు నన్నూ కుప్పలో వేసి ఎరువు చేసేస్తుంది."

"నువ్వంత తొందరగా కుళ్ళవులే," అంది అక్క లోపల్నుంచి. "రాళ్ళూ గాజుపెంకులూ ఏరి పక్కన పడెయ్యాల్సిన రకం."

"విన్నావా? కట్టుకున్నవాడికిచ్చే మర్యాద."

అక్క బయటికొచ్చింది. మొహం వెలిగిపోతోంది. కూరగాయల మార్కెట్ వాళ్ళు ఇక మీదట వాళ్ళంతట వాళ్ళే తడీ పొడీ వేరుచేసి పంపుతామన్నారట. ఇంకో అరడజను మందిని కొండ మీంచి దింపొచ్చట. పెద్దమ్మ కోడల్ని ముందు దింపుతుందట, కడుపుతో ఉంది కాబట్టి. చెబుతూ చెబుతూ చెల్లెలి మొహం చూసి ఆగింది.

"ఏమే, అలా ఉన్నావ్?"

"ఎండ."

"నీళ్ళు తాగు," అని చెంబు చేతికిచ్చింది.

డాక్టరమ్మ నీళ్ళతోపాటు ఆ మాట కూడా మింగేసింది. వారం రోజుల్లో పోయే గండానికి అక్కని ఎందుకు హడలగొట్టడం అనుకుంది. తన చేతిలో ఉన్న పనే కదా.

ఆ పనేంటంటే ఇది. గొట్టాలన్నీ ఒక పెద్ద పీల్చే మోటారుకి కలిపి ఉంటాయి. ప్రతి గొట్టం నెత్తినా ఒక వాల్వు. ఎంత తిప్పితే అంత పీలుస్తుంది. కొండ లోపల ఎంత గ్యాస్ పుడుతోందో అంతే పీల్చాలి. అంతకు మించి పీలిస్తే? జ్యూస్ అయిపోయిన గ్లాసులో స్ట్రా పెట్టి పీలిస్తే ఏమొస్తుంది? గాలి. పైనున్న మట్టిలో ఎక్కడ సందుంటే అక్కణ్ణుంచి బయటి గాలి కొండలోకి దూరుతుంది. లోపల ఏముంది? ఏళ్ళ తరబడి మగ్గిన వేడి, ఎండిన గుడ్డలు, అట్టలు, చెక్కలు, ప్లాస్టిక్. షెడ్డులో కుప్పకి మేలు చేసే గాలే కొండకి నిప్పు. ఉద్యోగంలో చేరిన మొదటి పూటే నేర్పే పాఠం ఇది. కొత్తగా వచ్చినవాళ్ళకి ఈవిడే నేర్పుతోంది కూడా.

తెలిసే తిప్పింది.

తూర్పు వాలు మీద గొట్టాలు మోటారుకి దగ్గర, పీల్పు బాగా అందుతుంది. వాటినే ఎంచుకుంది. మొదటి రోజు కొంచెం. గీత కదిలింది. రెండో రోజు ఇంకొంచెం. గ్యాస్‌లో మీథేన్ వాటా తగ్గింది కానీ వచ్చేది ఎక్కువ కాబట్టి మొత్తం మీద పెరిగింది. మీటరులో ఆక్సిజన్ అంకె ఎక్కడం మొదలెట్టింది. హద్దు దాటగానే కీచుకీచుమని మొత్తుకుంది. డాక్టరమ్మ సెట్టింగుల్లోకి పోయి ఆ హద్దుని పైకి జరిపేసింది. మీటరు నోరు మూసుకుంది. చదువుకున్నందుకు అదొక సుఖం, ఎవరి నోరు ఎక్కడ నొక్కాలో తెలుస్తుంది.

నాలుగు రోజులేగా, తనిఖీ అవగానే బిగించేస్తా అనుకుంది. కొండేమైనా మనిషా, నాలుగు రోజులకే జబ్బుపడ్డానికి అని కూడా అనుకుంది. తనని అందరూ డాక్టరమ్మ అంటారన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

తనిఖీ వాళ్ళొచ్చే రోజు గ్రాఫు సారు షెడ్డుని కూడా ముస్తాబు చెయ్యమన్నాడు. తెల్లటి హెల్మెట్ల వాళ్ళకి చూపించుకోడానికి అది బావుంటుందని ఆయనకి హఠాత్తుగా తోచింది. ఆడవాళ్ళంతా ఆ రోజు పారలు పక్కన పెట్టి గోడలకి సున్నం కొట్టారు, నేల కడిగారు, కుప్పలు కనపడకుండా పైన పట్టాలు కప్పారు. "పెళ్ళివారొస్తున్నారే," అంది పెద్దమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ. "కుప్పలు తిరగెయ్యకుండా పెట్టాం, లోపల ఉడికిపోతాయో ఏమో," అని అక్క మాత్రం గొణుక్కుంటూనే ఉంది.

వచ్చినవాళ్ళు గ్రాఫు చూశారు, తలూపారు, షెడ్డు ముందు ఫొటో దిగారు, వెళ్ళిపోయారు.

"చెప్పినట్టే లేపావమ్మా," అన్నాడు గ్రాఫు సారు. "షెడ్డు ఉంటుంది."

ఆమె అక్కడ్నుంచి పరుగులాంటి నడకతో కొండెక్కింది. తూర్పు గొట్టాల వాల్వులన్నీ ఒక్కోటీ వెనక్కి తిప్పుకుంటూ పోయింది. షెడ్డుకి సరిగ్గా పైన, వాలు మధ్యలో మెట్టులా చదునుగా ఉన్న చోట ఒక గొట్టం ఉంది. దాని మీద చెయ్యి వేసి, చటుక్కున తీసేసుకుంది. వేడి. ఎండకి కాగిన వేడి కాదు, ఎండ అప్పటికే అటుపక్కకి దిగిపోయింది.

చల్లారుతుందిలే అనుకుంది. గాలి ఆపేశాను కదా, ఊపిరాడక అదే ఆరిపోతుంది. పుస్తకం ప్రకారం అలా ఆరిపోవాలి కూడా. మర్నాడు చూసింది, ఆ గొట్టం ఇంకా వేడెక్కింది. గ్యాస్‌లో కార్బన్ మోనాక్సైడ్ కనపడింది. అది కుళ్ళితే వచ్చేది కాదు, కాలితే వచ్చేది. మట్టిలో సన్నటి పగులొకటి, అందులోంచి ఆవిరి. పారతో తనే మట్టి తెచ్చి పగులు పూడ్చి, బూటుకాలితో తొక్కింది. ఎవరికైనా చెబితే మొదట అడిగేది వాల్వుల సంగతే. వాల్వులు ఎందుకు తిప్పావంటే షెడ్డు కోసం. అప్పుడు షెడ్డు ఉంటుందా? ఇంకొక్క రోజు చూద్దాం అనుకుంది. అలా రోజుకొక్కసారి అనుకుంటూ గడిపింది.

పొగ పొద్దుటిపూట లేచింది. పనివాళ్ళ ఇళ్ళ వరసలో జనం నిద్రలేస్తూనే దగ్గారు. ప్లాస్టిక్కూ, తడిగుడ్డలూ, ఇంకేదో పేరు తెలియనిదీ కలిసి మాడుతున్న వాసన. డాక్టరమ్మ బయటికొచ్చేసరికి తూర్పు వాలంతా బూడిదరంగు పొగలో ఉంది. షెడ్డు రేకులు కనపడుతున్నాయి, వెనకాల కొండ కనపడట్లేదు.

షెడ్డు ముందు అందరూ గుమిగూడారు. నీళ్ళ బండ్ల వాళ్ళు వచ్చారు. గ్రాఫు సారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని ఫోన్లో మాట్లాడుతున్నాడు. "ఆ, ఎరువు షెడ్డు నుంచే. కుప్పలు లోపల వేడెక్కి అంటుకున్నాయి. అక్కణ్ణుంచి వాలుకి పాకింది. అవును, మా గ్యాస్ లైనుకేం సంబంధం లేదు."

ఆయన అబద్ధమాడుతున్నాడని చెప్పలేం. ఆయన అదే నమ్మాడు. ఎరువు కుప్పలు పొద్దున్నే ఆవిర్లు కక్కడం అందరూ చూసిందే. ఘోరమేంటంటే, అక్క కూడా నమ్మేసింది.

"తిరగెయ్యలేదు సార్," అంటోంది. "ఆ రోజు సున్నం కొట్టాం. తర్వాత రోజు కూడా సగమే తిరగేశాం, చేతులు నొప్పులని. నేనే పోనీలే అన్నాను. నేనే అన్నాను." పెద్దమ్మ ఆమె భుజం పట్టుకుని, "ఊరుకోవే, ఊరుకో, నీ ఒక్కదానిదేనా," అంటోంది. చుట్టూ ఆడవాళ్ళు నేల చూపులు చూస్తున్నారు. సగమే తిరగేసిన చేతులు వాళ్ళవే కదా.

డాక్టరమ్మ అక్క వైపు ఒక్క అడుగు వేసింది.

అప్పుడే బావ బుల్డోజర్ వచ్చింది. గ్రాఫు సారు వాలు మధ్యలో మెట్టు వైపు చెయ్యి చూపించాడు. "పైకెక్కి అక్కణ్ణుంచి మట్టి కిందకి తోసెయ్. గాలి తగలకుండా కప్పేస్తే ఆరిపోతుంది. తొందరగా."

బావ తలూపి, బండి గేరు మార్చాడు. మట్టి తొయ్యడం ఆయన రోజూ చేసే పనే. ఆ మెట్టు మీద ఎన్నోసార్లు బండి నడిపాడు. రోజూ ఉన్న మెట్టే, కానీ అడుగున ఇప్పుడేం మిగిలిందో చూడాల్సిన అవసరం ఆయనకేముంది?

డాక్టరమ్మ వెళ్ళి బండికి అడ్డంగా నిలబడింది.

"ఏంటి మరదలా, పక్కకి జరుగు. ఇప్పుడా ఆటలు?"

"బావా, ఎక్కకు. దాని కింద డొల్ల."

"ఏ డొల్ల? మొన్నే కదా నేను చదును చేసింది."

"లోపల కాలిపోయి ఖాళీ అయింది. పైన మట్టి పొర ఒక్కటే ఉంది. నువ్వెక్కితే బండితో సహా లోపలికి పోతావ్."

గ్రాఫు సారు ఫోను చెవి నుంచి తీశాడు. "నిప్పు షెడ్డులో అంటుకుంటే డొల్ల అంత పైన ఎలా వస్తుందమ్మా? నీకెలా తెలుసు?"

షెడ్డు ముందున్న వాళ్ళంతా ఇటు చూశారు. అక్క కూడా చూసింది.

"నిప్పు షెడ్డులో పుట్టలేదు సార్. ఆ మెట్టు మీద గొట్టం దగ్గర పుట్టింది. మీ గీత లేవడానికి వాల్వులు నేనే తిప్పాను. హద్దు దాటి తిప్పాను. గాలి లోపలికి పోయింది. నాలుగు రోజుల నుంచీ నాకు తెలుసు."

బావ ఆమెని ఒక నిమిషం చూశాడు. తర్వాత బండి వెనక్కి తీసి, చుట్టూ తిరిగి, గట్టి నేల ఉన్న పక్క నుంచి పైకెళ్ళి, దూరం నుంచే ఒక మట్టికుప్పని ఆ మెట్టు మీదకి నెట్టాడు. కుప్ప పోయి నిలబడింది. కాసేపు అలాగే ఉంది. తర్వాత చప్పుడేమీ లేకుండా కిందకి దిగడం మొదలెట్టింది, ఎవరో కింద నుంచి లాగుతున్నట్టు. అది మునిగిన చోట ఎర్రటి మంట లేచింది, బావ బండి కంటే ఎత్తు.

బావ బండి ఆపి, దిగి, పక్కనే నేల మీద కూర్చున్నాడు.

ఆమె నిజం చెప్పడం వల్ల బావ బతికాడు. షెడ్డు మీద నింద పోయింది. షెడ్డు మాత్రం దక్కలేదు. నీళ్ళ బండ్లతో వచ్చిన ఆఫీసరు కొండ చుట్టూ తిరిగొచ్చి, నీళ్ళు పోస్తే అడుగు నిప్పుకి తగలవనీ, మధ్యలో లోతుగా కందకం తవ్వి నిప్పుని ఇళ్ళ వరసకి రాకుండా తెంచెయ్యాలనీ చెప్పాడు. కందకానికి గట్టి నేల ఒకటే చోటుంది. ఆ నేల మీద షెడ్డుంది.

"ఇంకో దారి?" అంది డాక్టరమ్మ.

"ఇళ్ళు కాలినా పర్లేదంటే బోలెడు దారులు," అన్నాడు ఆఫీసరు.

అక్క ఏడవలేదు. ఆడవాళ్ళని పిలిచి పారలూ, గంపలూ, గ్లౌజులూ, టీ గిన్నె, గోడ మీదున్న గడియారం బయటికి తెప్పించింది. మాగిన ఎరువు మూటలు లాగగలిగినన్ని రోడ్డు మీదకి లాగించింది. సగం మాగిన కుప్పలు అలాగే ఉండిపోయాయి. ఒకదాని మీంచి పట్టా తీసి లోపలికి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసింది. వేడిగానే ఉంది, ఎంతుండాలో అంతే. చెయ్యి బయటికి తీసి చీరకి తుడుచుకుంది.

బావ బండెక్కి, బ్లేడు ఎత్తి, ఆమె వైపు చూశాడు.

"చూస్తావేం? కానివ్వు," అని అక్క షెడ్డుకి వీపు తిప్పి నిలబడింది. కొత్త సున్నం గోడ మొదటి దెబ్బకే పడిపోయింది. తర్వాత రేకులు.

నిప్పు ఇళ్ళ దాకా రాలేదు. కానీ కొండ లోపల ఆరనూ లేదు. వారాల తరబడి పొగ. వరసలో అందరూ కిటికీలకి తడిగుడ్డలు కట్టుకుని బతికారు. పెద్దమ్మ దగ్గు మొదలెడితే మూడిళ్ళ అవతలికి వినపడేది. పెద్దమ్మ కోడల్ని పుట్టింటికి పంపేశారు. పీల్చే మోటారు నడిపితే నిప్పుకి ఇంకా గాలి అందుతుంది కాబట్టి దాన్ని ఆపేశారు. గొట్టాల నోళ్ళు మూసేశారు. అప్పట్నుంచీ ఇంజనూ లేదు, కరెంటూ లేదు. కొండ తన గ్యాస్‌ని ఎక్కడ పగులుంటే అక్కణ్ణుంచి తీరిగ్గా ఆకాశంలోకి వదులుకుంటోంది. సంవత్సరాలుగా పట్టిందంతా ఒకెత్తు, ఇప్పుడు వదిలేది ఒకెత్తు. గ్రాఫు సారుని ఇంకేదో ఊరి కొండకి మార్చారు. ఆయన గీత తెచ్చిన సర్టిఫికెట్లు అప్పటికే అమ్ముడుపోయాయి. ఎక్కడో విమానం తన పొగ కడిగేసుకుని హాయిగా ఎగిరిపోయింది. డాక్టరమ్మ ఉద్యోగం సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇంట్లో అక్క ఆమెతో మాట్లాడకుండా ఏం లేదు. తిన్నావా అంటుంది, గొళ్ళెం పెట్టు అంటుంది. అవే మాటలు. బావ ఒకట్రెండుసార్లు హాస్యమాడబోయి మానేశాడు. ఆయనకి ప్రాణం పోసింది ఈవిడే, ప్రాణం మీదకి తెచ్చిందీ ఈవిడే. ఏ లెక్కన మాట్లాడాలో ఆయనకీ తెలీదు.

ఒకరోజు పొద్దున్న అక్క చెప్పులేసుకుని బయటికెళుతుంటే డాక్టరమ్మ వెంట నడిచింది. అక్క వద్దనలేదు. కందకం పక్క నుంచి లారీల రోడ్డు దాకా ఇద్దరూ నడిచారు.

"అక్కా, షెడ్డు మూసేస్తానన్నాడు ఆయన. నీకు చెబితే తట్టుకోలేవనుకున్నా."

"తెలుసు. ఆఫీసులో వాళ్ళంటే విని బావ చెప్పాడు."

"నీ కోసమే చేశాను."

అక్క నడక ఆపలేదు. "నాకొక్క మాట చెప్పుంటే మూసుకోమనేదాన్ని," అంది. "ఆ పాడు షెడ్డు ఒకరిచ్చిందా? తిరిగి తిరిగి తెచ్చుకున్నాను. ఇంకోచోట ఇంకోటి తెచ్చుకునేదాన్ని. నువ్వు నన్ను ఒక్క మాట అడగలేదు."

గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండేది అనిపించింది డాక్టరమ్మకి.

రోడ్డు మలుపులో కూరగాయల మార్కెట్ లారీ వస్తోంది. వాళ్ళు మాట నిలబెట్టుకున్నారు. తడిచెత్త విడిగా, శుభ్రంగా, ఒక్క ప్లాస్టిక్ సంచీ కూడా లేకుండా ఏరి పంపించారు. కాబేజీ ఆకులు, కుళ్ళిన టమాటాలు, అరటి తొక్కలు. అక్క రోడ్డు మధ్యలోకి వెళ్ళి నిలబడింది. లారీ ఆగింది. డ్రైవరు తల బయటికి పెట్టాడు. ఎప్పట్నుంచో తెలిసిన మనిషే.

"అక్కా, పక్కకి జరగమ్మా."

"ఎక్కడ పోస్తావ్ ఇది?"

"ఎక్కడ పొయ్యను? పడమటి వైపు పైనే పొయ్యమన్నారు. నువ్వు చోటు చూపించు, అక్కడే దించుతా. నాకేం?"

అక్క చుట్టూ చూసింది. ఒకపక్క కందకం. ఒకపక్క ఇళ్ళు. ఆమె లారీ వెనక్కి వెళ్ళి, తొట్టి అంచు మీంచి చెయ్యి పెట్టి, గుప్పెడు ఆకులు తీసి, వేళ్ళతో విడదీసి చూసింది. డాక్టరమ్మ కూడా వెళ్ళి పక్కన నిలబడింది. ఏం చెయ్యాలో తెలీక తనూ చేతులు పెట్టింది. అక్క ఆమె వైపు చూడలేదు, చేతులు తియ్యమనీ అనలేదు.

డ్రైవరు హారన్ కొట్టలేదు. ఇంజన్ ఆపేసి, కాసేపు అలాగే కూర్చున్నాడు. కాసేపటికి వెనకాల ఇంకో లారీ వచ్చింది, దాని వెనక ఇంకోటి. వాళ్ళకి ఇదంతా తెలీదు. హారన్లు మొదలెట్టారు.

అక్క గుప్పెట్లో ఉన్న ఆకులు మళ్ళీ తొట్టిలో వేసేసి, పక్కకి తప్పుకుంది. లారీలు ఒకదాని వెనక ఒకటి కొండెక్కాయి.